తవిటయ్య నూనె కారు

ఈ కథ కొండ కింద ఊళ్ళలో చాలామంది చెబుతారు. నా అంత బాగా ఎవరూ చెప్పరు. గొప్ప కోసం అనడం లేదు. ఇంకెవరి దగ్గరో విని మీరు మోసపోకూడదని ముందే చెప్పడం నా మంచితనం.

అనగనగా ఒక కొండ. కొండ కింద ఒక ఊరు. ఊళ్ళో ఒకే ఒక కారు. రాజుల కాలం కాదు, రాజుల కాలమైతే కారుండదు. కొండ మీదికి కొత్తగా రోడ్డు పడిన కాలం.

ఆ కారు తవిటయ్యది. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, వాళ్ళమ్మ ఇతన్ని పుట్టగానే పొరుగింటికి ఇచ్చేసి, చాటెడు తవుడు పోసి మళ్ళీ తెచ్చుకుంది. అందుకని తవిటయ్య. ఎప్పుడో ఒకనాడు పొరుగింటివాళ్ళు తవుడు వెనక్కిచ్చి తనని తీసుకుపోతారేమోనని మీసాలు వచ్చాక కూడా అతనికి బెంగే. కారెక్కితే "ఏటవుతాదో ఏటో" అనేవాడు. దిగితే "ఏటవుతాదో ఏటో" అనేవాడు. కారు చూరు కింద ఊరికే నిలబడి ఉన్నా, దాని వైపు చూసి "ఏటవుతాదో ఏటో" అనేవాడు.

డీజిలు లారీ ఆ ఊరికి వస్తే వచ్చేది, లేకపోతే లేదు. తవిటయ్య పెళ్ళాం గున్నమ్మ రోడ్డు పక్కన బజ్జీలు వేసేది. బాణలిలో మిగిలిన కాగిన నూనెని తవిటయ్య ఒకసారి గుడ్డలో వడగట్టి, రెండోసారి గుడ్డలో వడగట్టి, మూడోసారి కూడా గుడ్డలోనే వడగట్టి కారుకి పోశాడు. అడుగున ఉన్న కాస్త డీజిలుతో అంటుకుని, ఆపైన నూనె తాగి కారు నడిచింది. వెనక గొట్టంలోంచి మిరపకాయ బజ్జీల వాసన. కారు వెళ్ళిన ప్రతి వీధిలోనూ పిల్లలు ఆకలని ఏడ్చేవారు.

కానీ బయల్దేరేటప్పుడు నూనె ఎదురైతే మంచిది కాదు కదా. ఇప్పుడు నూనె తాగే కారే ఎదురొస్తోంది! జనం తిట్టుకుంటూ ఇంట్లోకి పోయి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవారు. తవిటయ్యకీ ఆ పట్టింపు ఉంది. తన కారు తనకే ఎదురవకుండా, ఎప్పుడూ వెనక నుంచి వచ్చి ఎక్కేవాడు.

ఇలా ఉండగా ఒక ముసురు పట్టింది. వాగు పొంగింది. లారీ రాలేదు. బజ్జీలు తినడానికి ఎవరూ గడప దాటలేదు. అడుగున చుక్క డీజిలు తప్ప కారులో నూనె లేదు, బాణలిలో నూనె లేదు. అప్పుడు పైడమ్మ కోడలు చిలకమ్మకి నొప్పులొచ్చాయి.

మంత్రసాని చూసి చేతులు కడిగేసుకుంది. "బిడ్డ అడ్డం తిరిగిందప్పా. నా సేతిలో నేదు. కొండ అవతల ఆసుపత్రికి తీసుకుపోండి."

చిలకమ్మని కారులో పడుకోబెట్టారు. వానా ఆగింది. ఆ రోజు శనివారం.

ఆ ఊళ్ళో శనివారం నూనె కొనరు, అమ్మరు, అప్పివ్వరు.

తవిటయ్య కొట్టుకి పరిగెత్తాడు. "శనివోరం నూనె డబ్బా ముట్టుకుంటే నా కొట్టు మునిగిపోతాది బాబూ" అన్నాడు కొట్టాయన. మునసబు గారింటికి పరిగెత్తాడు. "ఇంట్లోంచి నూనె గడప దాటదు. రేపు రా, కుండెడిస్తాం" అన్నారు. మూడో గుమ్మానికి పరిగెత్తాడు. అక్కడ మాట కూడా లేదు, తలుపు మూసేశారు.

తిరిగొచ్చేసరికి చిలకమ్మ పళ్ళ బిగువున మూలుగుతోంది. పైడమ్మ కారుని కాలితో తన్నింది. "దీనికి శని పట్టిందిరా తవిటిగా! నా కోడలు సచ్చిపోతాదిరా!"

తవిటయ్య ఆమె తన్నిన చోట కారుని తడిమాడు. అక్క వరసైన పైడమ్మతో నెమ్మదిగా అన్నాడు.

"పైడప్పా, శని పడితే నూనె పొయ్యాల కదా?"

"ఆఁ?"

"శనివోరం నూనె అమ్మకూడదు. అప్పివ్వకూడదు. శనికి పొయ్యకూడదని ఎవులూ అన్లేదు గదా!"

పైడమ్మ వీధిలోకొచ్చి గొంతెత్తింది. "ఓలమ్మా! కారుకి శని పట్టిందర్రా! నూనె పొయ్యండర్రా!"

మూసిన తలుపులన్నీ తెరుచుకున్నాయి. మునసబు గారింటి నుంచి చెంబు వచ్చింది. కొట్టాయన డబ్బాయే ఎత్తుకొచ్చాడు. అందరికన్నా ముందొచ్చిన ముసలమ్మ భక్తిగా కళ్ళు మూసుకుని తన గిన్నెడు నువ్వుల నూనె కారు ముందు రేకు మీద అభిషేకం చేసేసింది. అది కారి బురదలో కలిసింది.

"నెత్తి మీద కాదప్పా!" తవిటయ్య ఏడుపు గొంతుతో అరిచాడు. "ఈ శనికి నోరు పక్కనుంటాది!"

గున్నమ్మ పొయ్యి రాజేసి బాణలి పెట్టింది. పోసిన నూనె పోసినట్టే పల్చబడేలా వెచ్చబెట్టింది. తవిటయ్య తలగుడ్డ విప్పి వడగట్టి కారు నోట్లో పోశాడు. జనం నూనె పోశాక కారు చుట్టూ మూడేసి ప్రదక్షిణలు మొదలుపెట్టారు.

"మీరు తిరగడం అయ్యేలోగా నాను పోతానర్రా!" లోపలి నుంచి చిలకమ్మ అరిచింది.

పైడమ్మ కోడలి పక్కన ఎక్కింది, తవిటయ్య ముందెక్కి తాళం తిప్పాడు. కారు మూలిగింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ మూలిగింది. మూడోసారి తిప్పితే మూలగను కూడా లేదు. ముసురుకి బ్యాటరీ చచ్చింది.

"తొయ్యండి బాబూ!" అని కేకేశాడు.

ఎవరూ తిరగలేదు. శనికి నూనె పోశాక వెనక్కి తిరిగి చూడకూడదు. పోసినవాళ్ళంతా అటు ముఖం పెట్టి ఇళ్ళకి నడుస్తున్నారు. తిరిగితే వదిలిన శని వచ్చి నెత్తినెక్కుతుంది.

"నాను ఒక్కణ్ణీ తొయ్యలేనర్రా! మీరు రాపోతే ఈ పిల్ల దక్కదర్రా!"

నడిచేవాళ్ళు ఆగారు. ఎవరు ముందో తెలియదు, ఒక అడుగు వెనక్కి పడింది. ముఖం తిప్పకుండా, వెనక్కి వెనక్కి. తర్వాత ఇంకో అడుగు. తర్వాత అందరూ. ఊరు ఊరంతా రొయ్యల్లా వెనక్కి నడిచొచ్చి, కారుకి వీపులానించి, మడమలు బురదలో తన్నిపెట్టి తోసింది.

కారు దగ్గింది. అంటుకుంది. తవిటయ్య అద్దంలోకి చూశాడు. ఒక్క ముఖం లేదు. అన్నీ వీపులే.

కొండకి మూడు మలుపులు. మొదటి మలుపులో ఇంజను దగ్గింది. "ఏటవుతాదో ఏటో" అన్నాడు తవిటయ్య. రెండో మలుపులో చిలకమ్మ మూలుగు ఆగిపోయింది. ఈసారి ఆ మాట అనడానికి కూడా భయమేసింది.

"సిలకమ్మా! పలుకమ్మా!"

పలకలేదు.

"పలకవే గుంటా!" పైడమ్మ కోడలి చెంపలు తట్టింది.

"ఆకలేత్తంది" అంది చిలకమ్మ, కళ్ళు తెరవకుండానే. "ఎవులో వంట సేత్తన్నారు."

నువ్వుల నూనె, వేరుశనగ నూనె, ఎవరింటిదో అప్పాలు వేగిన నూనె. ఊరి వంటిళ్ళన్నీ కారు వెనక పొగగా వస్తున్నాయి. మూడో మలుపూ ఎక్కారు. ఎక్కేటప్పుడు ఆగుతుందేమోనని భయపడిన తవిటయ్య, దిగేటప్పుడు ఆగదేమోనని భయపడ్డాడు.

ఆగింది, ఆసుపత్రి మెట్ల దగ్గర. డాక్టరమ్మ కోసి బిడ్డని తీసింది. ఆడపిల్ల. తల్లీ బతికింది.

ఆ రోజు తోసింది ఎవరెవరో తవిటయ్యకి తెలియదు. తెలియదు కనుక ఊళ్ళో ఏ ఒక్కరినీ వదలకుండా, కనబడిన ప్రతివాళ్ళకీ దణ్ణం పెట్టేవాడు. ఎవరు తోశారో ఎవరు తోయలేదో ఊళ్ళో కూడా ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

చాలా ఏళ్ళకి తవిటయ్య చనిపోయింది కూడా శనివారమే. శనివారం పోయినవాడు తోడు అడుగుతాడని జనానికి భయం. అయినా ఆ రోజు అతన్ని సాగనంపడానికి రాకుండా ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్ళు ఊళ్ళో లేరు.

ఇప్పటికీ ఆ కొండ కింద బండి ఆగిపోతే, బస్సు కానీ లారీ కానీ, చేతులతో తోయరు. దిగి వెనక్కి తిరిగి, వీపులానించి, "తవిటయ్యా, ఓ పట్టు పట్టు" అని తోస్తారు. బండి కదిలాక ఎవరూ తిరిగి చూడరు. నడిపేవాడు ఎవరికని కృతజ్ఞత చెప్పాలో తెలియక గాల్లోకి దణ్ణం పెట్టి పోతాడు.

కథ ఇంత బాగా చెప్పాను కదా. నా బండి ఆగినప్పుడు మాత్రం, నోరు తెరిచి నలుగురినీ పిలవడం నాకు ఇప్పటికీ రాలేదు.