కిటికీ పక్క బల్లకి రెండు టీలు

పైడయ్య మాస్టారికి ఒక అలవాటు. శిష్యులు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. ఇంటర్నెట్ ఫోన్ల మరమ్మతు ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఈ అలవాటును తిట్టుకోనివాళ్లు లేరు, నాతో సహా.

ఆ రోజు నసీమా వచ్చి అడిగింది. "మాస్టారూ, ఫోను మోగింది, ఎత్తారు, ఆ ఫోను తనంతట తానే 'సరే' అని జవాబూ పంపింది. అంతా రికార్డులో ఉంది. అయినా మాట వినపడలేదంటే నమ్మాలా?"

దాని మీద ఒక నర్సు ఉద్యోగం ఆధారపడి ఉంది. పాముకాటు కేసుల కోసం ఆసుపత్రిలో కొత్తగా పెట్టిన ఫోను ఎత్తి, కరుణమ్మ "మాట్లాడరేం?" అని విసుక్కుని పెట్టేసింది. అవతల ఒక రైతు కాలు పట్టుకుని మొత్తుకుంటున్నాడు. ఎలాగో ఆటోలో వచ్చి బతికాడు గాని, ఫిర్యాదు పెట్టాడు. నాకేమీ వినపడలేదు మొర్రో అంటుంది ఆవిడ. లైను సవ్యంగా ఉందని రాసిచ్చింది నసీమాయే. సాయంత్రం విచారణ.

"ముందు టీ తాగుదాం" అన్నారు మాస్టారు. "వీధిలో కొత్త కొట్టుకి ఫోన్ చెయ్యి. కిటికీ పక్క బల్లకి రెండు టీలు పంపమని చెప్పి పెట్టెయ్. ఇంకొక్క ముక్క చెప్పకు."

"అలాగేనమ్మా" అన్నాడు కొట్టతను. పావుగంటైనా టీ రాలేదు. నసీమా ఒళ్లు మండి కిందికి దిగింది. అతను రెండు గ్లాసులతో నడివీధిలో నిలబడి మేడలకేసి చూస్తున్నాడు.

"అలాగేనన్నావుగా! బుద్ధుందా?"

"అన్నానమ్మా, కాసీసినాను కూడాను. ఈ వీధిలో కిటికీ నేని ఇల్లేదో నువ్వే సెప్పు తల్లీ."

నసీమా గ్లాసులు అందుకుని మెట్లన్నీ పరుగున ఎక్కింది. రికార్డు మళ్లీ తెరిచింది. కరుణమ్మ ఫోను 'సరే' అంటూనే, మాటలు ఎక్కడికి పంపాలో కూడా చెప్పింది. ఇచ్చింది మాత్రం ఆసుపత్రి లోపలి చిరునామా. గోడ దాటితే దాన్ని ఎరిగినవాళ్లు లేరు. నర్సు గొంతు రైతుకు చేరింది, రైతు గొంతు దారి తెలియక మధ్యలోనే పోయింది.

ఆసుపత్రి ఫోనుకు బయటి చిరునామా పెట్టి, తన సెల్లు నుంచి దానికి ఫోన్ చేసింది.

"వినపడుతోందమ్మా, వినపడుతోంది!" అంటూ కరుణమ్మ ఏడ్చేసింది.

నసీమా తన పాత కాగితం చింపి, తప్పు తనదేనని కొత్తది రాసింది. తప్పు నీదని ఒక్క మాటా అనకుండా ఆమె చేత ఆ కాగితం రాయించిన మాస్టారికి ఇవాళ్టికీ మనసులో మొక్కుకుంటాను.

మాస్టారు చల్లారిన టీ చివరి చుక్క దాకా తాగారు. గ్లాసు కింద పెట్టి, "ఆ కొట్టతన్నేమీ అనలేదు కదమ్మా?" అన్నారు.