గాడిలో పడ్డ సింహాద్రి

కొండపేటలో గవరయ్యంత తెలివైనవాడు లేడు. ఆ మాట గవరయ్యే చెప్పేవాడు. తమ్ముళ్లు పెంటయ్య, సింహాద్రి అవునవునని తలలూపేవాళ్లు. ఎవరేమన్నా అక్షరం పొల్లుపోకుండా చేసి తీరతామని ఆ అన్నదమ్ముల గొప్ప.

గవరయ్యకు ఒకటే బెంగ. సింహాద్రికి ముప్ఫై నిండుతున్నా పెళ్లి కాలేదు. చివరికి పొరుగూరి తవిటినాయుడు, "కుర్రాడు మంచివాడే గాని గవరయ్యా, పనీపాటా లేదు. కాస్త గాడిలో పడనీ, పిల్లనిస్తాను" అన్నాడు.

ఇంటికొస్తూ గవరయ్యకు ఒకటే ఆలోచన. ఎద్దుకు మేత వేసే గాడి పశువులపాకలో ఉంది. అందులో మనిషెందుకు పడటం?

"అసలు గాడి అంటే ఏంటన్నయ్యా?" అన్నాడు పెంటయ్య.

"మాటకు పుట్టుక తెలియాలిరా. గాడిలో తినేది గాడిద. ముందు గాడి పుట్టింది, తర్వాత గాడిద పుట్టింది."

"మరి మన గాడిలో ఎద్దు తింటోందే?"

"ఆ సంగతి దానికి తెలీదు. నువ్వు చెప్పకు."

అంతే, సింహాద్రిని పాక దూలం ఎక్కించి కిందికి తోశారు. పడమన్నారు గాని పడుకోమనలేదు కదా. మొదటిసారి గురి తప్పి పేడలో పడ్డాడు. రెండోసారి సరిగ్గా గాడిలో పడ్డాడు గాని మోకాలు చెక్కుకుపోయింది.

"నొప్పిగా ఉందన్నయ్యా."

"పెళ్లంటే మాటలట్రా?"

సింహాద్రి గాడిలో పడ్డాడన్న కబురు విని నాయుడు మురిసిపోయాడు. "గురువారం ప్రధానానికి వందమందిమి వస్తాం. వంటకు గాడిపొయ్యి పెట్టించు" అన్నాడు.

గాడిపొయ్యి అంటే నేలలో పొడుగ్గా తవ్వే పొయ్యి అని ఊరందరికీ తెలుసు. గవరయ్యకు మాత్రం మాటల పుట్టుక తెలుసు. గాడి, పొయ్యి. నాయుడుగారు రెండూ కలిపారు, మనమూ కలుపుదాం అనుకున్నాడు. ఇంకేముంది, గురువారం పొద్దున్నే కర్రగాడిలో కట్టెలు పేర్చి, పైన అన్నం గుండిగ పెట్టి, నిప్పంటించారు.

గాడి అంటుకుంది. గాడి నుంచి పాక, పాక నుంచి గడ్డివాము. ఎద్దు పలుపు తెంపుకుని వీధిలో పడింది. ఇరుగుపొరుగు "నీళ్లు, నీళ్లు" అంటూ పరిగెత్తుకొస్తే, పాపం దాహమేసిందని పెంటయ్య తలా ఓ గ్లాసుడు అందించాడు.

అప్పుడు దిగాడు నాయుడు, వందమందితో. బూడిద చూశాడు, గుండిగ చూశాడు, జరిగిందంతా విన్నాడు.

"మీ ముగ్గురి బుర్రల్లో గడ్డి తప్ప ఏమీ లేదురా" అని బళ్లు వెనక్కి తిప్పించాడు.

సింహాద్రి వెక్కివెక్కి ఏడ్చాడు. సంబంధం పోయింది, పాక పోయింది. ఇంట్లో గడ్డిపరకైనా మిగల్లేదు, ఎద్దేమో ఆకలితో రంకెలేస్తోంది. ఉన్నట్టుండి గవరయ్య మొహం విప్పారింది.

"ఏడవకండిరా. నాయుడుగారు పెద్దమనిషి. కోపంలోనూ దారి చూపించి పోయారు."

ముగ్గురూ తలపాగాలు తీసి ఎద్దు ముందు వరసగా కూర్చుని తలలు వంచారు.

"ముందు నాది తిననివ్వండి," అన్నాడు గవరయ్య. "పెద్దవాణ్ణి, నా దాంట్లోనే ఎక్కువుంటుంది."