గుమ్మం దాటని పేరు

మాణిక్యమ్మకు ఇచ్చిన మాట నిలబెట్టుకోలేక, సుదర్శనం చెమటలు కక్కుకుంటూ ఆశ్రమానికి తిరిగొచ్చాడు.

మాణిక్యమ్మ నిరంజనయ్య స్వామికి గురుచెల్లెలు. స్వామి పొద్దుటిపూట తత్వం పాడుతుంటే చిన్ననాటి నుంచీ పక్కన కూర్చుని తాళం వేసిన మనిషి. ఇప్పుడు చింతలదిన్నెలో కొడుకు ఇంట్లో మంచం పట్టింది. ఆ పాట ఇంకొక్కసారి చెవిన పడితే చాలంది. ఆ తర్వాత మాట కూడా పడిపోయింది.

"అదెంత పని!" అన్నాడు సుదర్శనం. కంప్యూటరు చదువు చదివి ఆశ్రమంలో చేరినవాడు మరి. పాట వేళ ఎవరూ ఫోను ముట్టరాదని అక్కడి కట్టుబాటు. అందుకని గోడకు చిన్న కెమెరా బిగించాడు. వైఫై పెట్టె దానికో నెంబరు ఇచ్చింది: 192.168.1.20. ఆశ్రమంలో ఏ మూల కూర్చుని ఆ నెంబరు కొట్టినా ఫోనులో స్వామి గొంతు ఖంగుమంది.

ఆ నెంబరు పట్టుకుని చింతలదిన్నెకు పరుగెత్తాడు. మాణిక్యమ్మ కొడుకుది జిరాక్సు కొట్టు. ఇంటికీ కొట్టుకూ ఒకటే వైఫై. ఫోను దానికి కలిపి, నెంబరు కొట్టి, మంచం పక్కన పెట్టాడు.

పాట రాలేదు. కొట్టులో ఉన్న ప్రింటరు తెర మీదికొచ్చి, సిరా అయిపోయిందని చెప్పింది.

కోడలు సరళ తొంగి చూసింది. "ఇదేనా అబ్బాయ్, మీ స్వామివారి తత్వం? సిరా అయిపోయిందట!"

ఆ మాట గుచ్చుకుంటేనే తిరిగొచ్చాడు సుదర్శనం.

"ఆ పెట్టె అబద్ధాలకోరు స్వామీ! ఒక్క అంకె తప్పు లేదు. ఇక్కడ పలికిన నెంబరు అక్కడ పలకదు. మారుస్తా. వందసార్లయినా మారుస్తా. ఆ తల్లి పాట వినకుండా పోవడానికి వీల్లేదు."

తంబురా తీగ బిగిస్తున్న స్వామి తల ఎత్తలేదు. "మారుద్దువుగానిలే. ముందు చింతలదిన్నె వెళ్ళి మా బుజ్జిని పలకరించి రా."

"బుజ్జి ఎవరు స్వామీ?"

"వీధిలో నిలబడి బుజ్జీ అని కేకెయ్యి. ఇంకో మాట అనకు."

"ఇప్పుడా? అక్కడ ప్రాణం పోతుంటే..."

"ఇప్పుడే."

గురువు మాట. వచ్చిన దారినే వెళ్ళాడు. వీధి నడుమ నిలబడి, సిగ్గు చంపుకుని, "బుజ్జీ!" అని అరిచాడు.

ఒక గడపలోంచి మీసాల పెద్దాయన వచ్చాడు. ఇంకో గడపలోంచి సగం వేసిన జడతో ఒక పిల్ల. మూడో ఇంట్లోంచి చీపురు చేతబట్టుకుని ఒకావిడ: "మా బుజ్జి నీళ్ళు పోసుకుంటోంది. నువ్వెవరివి? దానితో నీకేం పని?" అరుగు కిందినుంచి ఒక మేకపిల్ల కూడా లేచొచ్చింది.

"ఇంటికో బుజ్జి ఉంది మా ఊళ్ళో," అన్నాడు మీసాలాయన. "ఏ ఇంటి బుజ్జి కావాలయ్యా నీకు? ఇంటిపేరు చెప్పు."

ఇంటిపేరు సుదర్శనానికి తెలియదు. తిరిగొచ్చి, మేకపిల్లతో సహా అంతా చెప్పాడు.

"మీ బుజ్జి ఎవరో నాకు తెలియలేదు స్వామీ."

"మాణిక్యమ్మ," అన్నాడు స్వామి. "మా గురువుగారు పెట్టిన ముద్దుపేరు. ఈ ఇంట్లో బుజ్జీ అంటే ఆమె ఒక్కతే పలికేది. ఈ గుమ్మం దాటితే అది ఎవరి పేరో!"

సుదర్శనం గోడమీది కెమెరాను చూశాడు. గుమ్మం పైనున్న వైఫై పెట్టెను చూశాడు. పాపం, ఎవరూ అబద్ధమాడలేదు. ఆ ఇంట్లో ఆ నెంబరు ప్రింటరుది. తనను పేరుపెట్టి పిలిచారు, పలికింది.

"ఇంటిపేరు కావాలి," అని లేచాడు.

ఇంటర్నెట్టు తీగ లాగిన ఆఫీసువాళ్ళు రేపు రమ్మన్నారు. కదల్లేదు. బల్ల మీదే కూర్చున్నాడు. ఆశ్రమానికంటూ సొంతంగా, మారకుండా ఉండే బయటి నెంబరు చేతిలో పడ్డాకే లేచాడు. వచ్చి వైఫై పెట్టె ముందు కూర్చున్నాడు.

"బయటినుంచి ఎవరొచ్చి పాట అడిగినా, లోపలి ఇరవై నెంబరు కెమెరా దగ్గరికి చేర్చమని దీనికి చెప్పేశాను స్వామీ."

"ఎవరొచ్చినానా? చీపురావిడ నిన్నేమడిగిందిరా?"

సుదర్శనం నాలిక కరుచుకున్నాడు. మళ్ళీ కూర్చుని, గుర్తుమాట చెప్పనిదే ఎవరినీ లోపలికి రానివ్వకుండా కట్టుదిట్టం చేశాడు.

తెల్లవారగానే మాణిక్యమ్మ మంచం దగ్గరున్నాడు.

"ఇవాళైనా సిరా పోయించుకొచ్చావా?" అంది సరళ. కళ్ళు మాత్రం అత్తగారి మీదే ఉన్నాయి. రాత్రంతా ఎన్నిసార్లు పిలిచిందో, ఆమె పలకలేదు.

సుదర్శనం బయటి నెంబరు కొట్టాడు. గుర్తుమాట చెప్పాడు. తంబురా మోగింది. వెనకనే పాట.

దుప్పటి మీద మాణిక్యమ్మ వేలు మెల్లగా కదిలింది. తాళం తప్పలేదు.

పాట అయిపోయింది. ఫోనులోంచి స్వామి గొంతు పిలిచింది: "బుజ్జీ!"

సరళ అటూ ఇటూ చూసింది. "బుజ్జి ఎవరు? మా ఇంట్లో బుజ్జి అనేవాళ్ళెవరూ లేరే!"

మంచం మీద పెదవులు కదిలాయి.

"నేనే."