దాలయ్య భుజం మీద తమలపాకు

ఊఁ కొట్టండి మరి, కొట్టకపోతే నేను చెప్పను. మీ ముత్తాతకి ముత్తాత ఇంకా ఉయ్యాల్లో ఉన్నప్పటి మాట ఇది. ఓ కొండ కింద ఓ దొర ఉండేవాడు. దొరకో పల్లకీ ఉండేది. పల్లకీ మోయడానికి ఎనిమిది మంది బోయీలు, ముందు నలుగురు, వెనక నలుగురు. వెనక వరసలో రెండోవాడు మన దాలయ్య.

దాలయ్య గొప్పవాడేం కాదు. ఒక గుడిసె, నూకాలు అనే పెళ్ళాం, ముగ్గురు ఆడపిల్లలు. గుడిసె దొరది. గంజిలోకి గింజలు దొరవి. భుజం ఒక్కటే తనది. అక్కడి కట్టుబాటు ఏమిటంటే, పల్లకీ కర్రకి భుజం పెట్టలేనివాడు ఆ పూటే గుడిసె ఖాళీ చెయ్యాలి. జ్వరమా, ముసలితనమా, చావా అని అడిగే నాథుడు లేడు.

అలాంటి దాలయ్యకి దగ్గు పట్టుకుంది. దగ్గితే నెత్తురు పడింది. వైద్యుడు నాడి చూసి, చెయ్యి వదిలేసి, "మూడు అమావాస్యలు చూస్తే గొప్పేరా" అన్నాడు.

ఆ మాట నూకాలుకి చెప్పలేదు దాలయ్య. బోయీల పెద్ద అప్పడికి చెప్పాడు.

"సావంటే నాకు బయం లేదు బావా. ఈ వానల్లో పిల్లల్ని ఏ సెట్టు కింద పెడతాది నూకాలు?"

అప్పడు అతని భుజం తడిమి చూశాడు. "కర్ర కింద నడవగలవా? అయితే నడు. మోత మేం సూసుకుంటాం" అన్నాడు.

ఏం చేశారో తెలుసా! దాలయ్యకి ముందు అప్పడు నిలబడ్డాడు, వెనక ఇంకో పొడుగాటివాడు. ఇద్దరూ తాటిచెట్లే. మధ్యలో కర్ర దాలయ్య భుజానికి వేలెడు పైన తేలింది. చూసేవాళ్ళకి మోస్తున్నట్టే ఉంటుంది. అందరితో పాటు తనూ "ఓహోం ఓహోం" అంటాడు. పాపం, అదొక్కటే అతని మోత.

పల్లకీ పక్కన గుర్రమ్మీద దివాను వచ్చేవాడు. కళ్ళు కావవి, సూదులు. మొదటి ప్రయాణంలో దాలయ్యకి దగ్గొచ్చింది. "ఎవడిదిరా ఆ దగ్గు?" అన్నాడు దివాను. ఏడుగురూ గొంతు చించుకుని ఓహోం అన్నారు. దగ్గు అందులో కలిసిపోయింది. రెండో ప్రయాణంలో దారి మీద నెత్తురు పడింది. "ఎవడిదిరా ఆ నెత్తురు?" ఆఖరివాడు కాలితో చెరిపేసి, "రాయి తగిలింది బాబూ" అన్నాడు. మూడోసారి దివాను ఏమీ అడగలేదు.

మూడో ప్రయాణం కొండ మీది విడిదికి. పల్లకీ ఎత్తబోతుంటే "ఆగండ్రా" అన్నాడు దివాను. తన పెట్టెలోంచి తమలపాకులు తీసి, ఎనిమిది భుజాల మీదా ఒక్కో లేతాకు పెట్టాడు. "ఇప్పుడెత్తండి. పైకెళ్ళాక చూస్తా. ఎవడి ఆకు నలగదో వాడి గుడిసె ఈ పూటే ఖాళీ" అని గుర్రాన్ని ముందుకు తోలాడు.

కొండ ఎక్కుతున్నారు. దాలయ్య భుజానికి ఆకు చెమటతో అంటుకుని ఉంది, చల్లగా, పచ్చగా. మొదటి మలుపులో "బావా, కర్ర దించు" అన్నాడు. "నోర్ముయ్" అన్నాడు అప్పడు. రెండో మలుపులో "నీ కాళ్ళు మొక్కుతాను బావా, దించు" అన్నాడు. "దించితే సచ్చిపోతావురా!" మూడో మలుపులో దాలయ్య అడగలేదు. మునివేళ్ళ మీద లేచి, తనే భుజాన్ని కర్రకి ఆనించి పైకెత్తాడు.

అప్పడి భుజం తేలికైంది. ఎందుకు తేలికైందో తెలిసి అప్పడు ఏడ్చాడు. ఏడుస్తూనే ఓహోం అన్నాడు.

పైన పల్లకీ దించారు. దివాను ఆకులు ఏరి చూసుకున్నాడు. ఎనిమిదీ నలిగాయి. అన్నిటికంటే దాలయ్యదే ఎక్కువ నలిగింది. "సరే" అన్నాడు. ఆ సరే విని దాలయ్య ఓ బండకి చేరగిలబడ్డాడు. మళ్ళీ లేవలేదు.

అప్పుడేమన్నాడనుకున్నారు ఆ దివాను మహానుభావుడు? "చచ్చినవాడు భుజం పెట్టలేడుగా. గుడిసె ఖాళీ చేయించండి" అన్నాడు. ఛీ! వాడి నోట్లో మన్నుపడ!

ఏడుగురు బోయీలూ నేల మీద కూలబడ్డారు. దొర పల్లకీలోంచి తల బయటపెట్టి, "వీళ్ళు లేవకపోతే నేను నడిచి దిగాలా ఏమిటి?" అన్నాడు. ఆయనకి నడక వచ్చో రాదో కూడా ఎవరికీ తెలీదు.

అప్పడు లేచాడు. దివాను పెట్టెలోంచి పచ్చటి ఆకొకటి తీసి, కర్ర మీద దాలయ్య చోట కట్టాడు.

"దాలయ్య బుజం ఇక్కడున్నాది. ఆడి మోత మేం ఏడుగురం మోత్తాం. గుడిసె నూకాలుది. కాదంటే మీ పల్లకీ మీరే మోసుకోండి."

దొర కొండ దారి చూశాడు. తన కాళ్ళు చూసుకున్నాడు. "ఊఁ" అన్నాడు. బోయీలు ముందు దాలయ్యని కొండ దించారు. తర్వాతే వెనక్కి వచ్చి దొరని దించారు.

నూకాలు ఆ గుడిసెలోనే ముగ్గురు పిల్లల్నీ పెంచింది. ప్రయాణమున్న ప్రతి పొద్దునా పచ్చాకు తెచ్చి తన చేత్తో కట్టేది.

పల్లకీలు పోయాయి, దొరలూ పోయారు. ఆ కొండ కింద బస్తాలు మోసేవాళ్ళలో, దూలాలు ఎత్తేవాళ్ళలో తగ్గని జబ్బు ఎవరికొచ్చినా, తోటివాళ్ళు ఇప్పటికీ అతని చోట ఓ పచ్చాకు కడతారు. కొత్తవాడెవడైనా అక్కడ భుజం పెట్టబోతే, "ఆకుంది, కనపళ్ళేదా?" అని కసురుతారు. చోటు అతనిదే, గంజీ అతనిదే, కడదాకా.

ఇంక ఊఁ కొట్టడం ఆపి నాకు జవాబు చెప్పండి. ఆ పచ్చాకుని ఆ రోజు దాలయ్య భుజం మీదే నలగకుండా ఉండనిస్తే ఆ దొరకీ దివానుకీ ఏం పోయేది? ఇంకో అమావాస్యో, రెండో పిల్లలతో ఉండేవాడు కదా.