సుంకులవ్వ పూచీ

ఎన్ని తరాల కిందటి మాటో చెప్పేవాళ్ళు లేరు గానీ, ఒక గుట్ట మీద కోట ఉండేది. ఆ కోట చెరసాలలో ఖైదీలకు రాగులు విసిరే ముసలామె సుంకులవ్వ. మశూచికి మొగుడు పోయాడు, బిడ్డ పోయింది. పొద్దున గుట్ట ఎక్కేది, సాయంత్రం దిగేది. ఇంటికి పోతే పలకరించే దిక్కు లేదు.

చెరసాల కిక్కిరిసి ఉండేది. నలుగురు పట్టే గదిలో పదిమంది. సగం శిక్ష బుద్ధిగా గడిపినవాణ్ణి కోటనేలే దొర విడిచి ఇంటికి పంపేవాడే. కానీ బయటివాళ్ళెవరైనా పూచీ పడాలి. వెళ్ళినవాడు ప్రతి పున్నమికీ కోటకొచ్చి ముఖం చూపించాలి. రాకపోతే పూచీ పడ్డవాళ్ళు లోపలికి. అందుకే ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. కన్నవాళ్ళు కూడా.

ఒకరోజు ఓబులేసు అనే ఖైదీ గోడకు తల ఆనించి ఏడుస్తున్నాడు. అవ్వ తిరగలి ఆపి దొర దగ్గరకు పోయింది.

"వాడికి నేనున్నా దొరా."

"వాడు నీకేమవుతాడే?"

"ఏమీ కాడు."

ఓబులేసు వెళ్ళాడు. పున్నమికి వచ్చాడు. తర్వాత తిప్పయ్య. "వాడికి నేనున్నా దొరా." తిప్పయ్యా వచ్చాడు. మూడోవాడు నల్లన్న. "వాడికీ నేనున్నా."

పున్నమి వచ్చింది. నల్లన్న రాలేదు.

కావలి నారప్ప అవ్వను లోపలికి తీసుకుపోతూ అడిగాడు. "నీకు పూచీ పడేవాళ్ళున్నారా అవ్వా?"

"లేరు నాయనా."

ఆడమనిషని మూల గదిలో ఒక్కదాన్నే పెట్టారు. పక్క గదిలో మగవాళ్ళ మాటలు వినబడుతుంటే గోడకు చెవి ఆనించి కూర్చుంది. ఒకరోజు కూర్చుంది. రెండోరోజూ కూర్చుంది. మూడోరోజు పొద్దున నారప్ప పిలిస్తే పలకలేదు.

ఆ మధ్యాహ్నమే నల్లన్న వచ్చాడు. వాగులో జారి కాలు విరిగిందట. దేకుతూ వచ్చాడు. మోచేతులు చీరుకుపోయి ఉన్నాయి.

దొర నమ్మలేకపోయాడు. "పారిపోవచ్చు కదరా?"

"ఎక్కడికి దొరా? నన్ను నమ్మింది లోకంలో అవ్వ ఒక్కతే. ఏదీ, ఎక్కడుంది?"

నారప్ప మూల గది తలుపు తీశాడు.

ఆ రోజే దొర పూచీ కట్టుబాటు ఎత్తేశాడు. ఎవరి మాట వాళ్ళకే పూచీ అన్నాడు. చెరసాల సగానికి సగం ఖాళీ అయింది. బయటికొచ్చినవాళ్ళే అవ్వ పాడె మోసుకుంటూ గుట్ట దిగారు.

ఇప్పటికీ ఆ వైపు పల్లెల్లో చెర విడిచి వచ్చినవాణ్ణి ఒంటరిగా ఊళ్ళోకి రానివ్వరు. ఎవరో ఒక ముసలామె పొలిమేర దాకా ఎదురుపోతుంది. చెయ్యి పట్టుకుంటుంది. ఏం చేశావని అడగదు.

"పద నాయనా, ఎండ ముదురుతోంది" అంటుంది.