అంచు మీది గీత

ముందు మీరు ఏం చూశారో చెప్పండి. బడులు తెరిచే రోజుల్లో ఏదైనా చిన్న ఊరి హైస్కూలు గేటు దగ్గర ఎప్పుడైనా నిలబడ్డారా? పిల్లలు లోపలికి పోతుంటే వాళ్ళ మొహాలు చూసి ముచ్చటపడి ఉంటారు. కాళ్ళ దగ్గర చూశారా? లంగా అంచుకు నాలుగు వేళ్ళ పైన అడ్డంగా ఒక గీత. ప్యాంటుకు మడమ దగ్గర ఒక గీత. గీతకు పైన వెలిసిపోయిన గుడ్డ, కింద కొత్త గుడ్డ. చూడలేదా? అయితే మీరు చిన్న ఊరిని చూడలేదు. బస్సు కిటికీలోంచి చూసి, ఇక్కడ గాలి మంచిది, మనుషులు మంచివాళ్ళు అనుకుని పోయారు, అంతే.

మా ఎర్రగుడిపేటలో ఏ తల్లీ తన బిడ్డకు ఒంటికి సరిపోయేటట్టు కుట్టమని అడగదు. "ఎదిగే పిల్ల, లోపలికి మడత పెట్టు" అంటుంది. దర్జీ నాలుగు వేళ్ళ గుడ్డ లోపలికి మడిచి కుడతాడు. ఏడాదికో రెండేళ్ళకో పిల్ల పొడుగవుతుంది. అప్పుడు మడత విప్పుతాడు. పైగుడ్డ అప్పటికే ఎండకూ సబ్బుకూ బండకూ వెలిసిపోయి ఉంటుంది. మడతలో దాగిన గుడ్డ మాత్రం కొన్ననాటి రంగుతోనే ఉంటుంది. రెంటికీ నడుమ మాసిన గీత. నానబెట్టినా పోదు, ఇస్త్రీ చేసినా పోదు. ఎదిగిన ప్రతి బిడ్డకూ మా ఊరు ఆ గీత గీసి పంపుతుంది. నాకూ గీసింది.

ఆ మడతలు కుట్టేవాడూ విప్పేవాడూ ఈరన్న స్వామి. ఆయన మేరవాడు. బజారు వీధి చివర ఒక మిషను, ఒక బల్ల, ఒక ఇస్త్రీ పెట్టె ఆయన ఆస్తి. పగలంతా గుడ్డ కత్తిరించేవాడు, పున్నమికి తత్వాలు పాడేవాడు. ఆయన దగ్గర ఉపదేశం తీసుకున్నవాళ్ళం ఇరవై మందిమి ఉండేవాళ్ళం. నేను ఆ అంగట్లోనే కాజాలు కుట్టేవాణ్ణి. ఎవరేమి అడిగినా ఆయన సూటిగా జవాబు చెప్పగా నేను వినలేదు. అడిగినవాణ్ణే "ఏం చూసినావు?" అని తిరిగి అడిగేవాడు. చేతిలో పని మాత్రం ఆపేవాడు కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం జయరాముడు వచ్చాడు. మా కింది వీధివాడే. ఊరి హాస్టల్లో తిని చదువుకుని పైకొచ్చాడు. జిల్లా కేంద్రంలో నర్సులకు చదువు చెప్పే ఒక ట్రైనింగు స్కూల్లో సూపరింటెండెంటు. అక్కడ చేరబోయే పిల్లల్ని ఎంపిక చేసే ముగ్గురిలో ఒకడు. మా హైస్కూల్లో హెడ్మాస్టరు గదిలో అతని ఫోటో వేలాడుతుంది. నెలకొకసారి స్వామిని చూడటానికి వచ్చేవాడు. ఆ రోజు బూట్లు మెట్టు మీద విడిచి, బెంచీ మీద కూర్చుని, తోలు సంచి పక్కన పెట్టుకున్నాడు.

"స్వామీ, ఒకటి అడగాల. మన ఊరి పిల్లలకు తెలివి ఉంది, మార్కులు ఉన్నాయి. పై ఊళ్ళో నలుగురి ముందర నిలబెడితే ఎందుకట్లా ముడుచుకొని పోతారు? లోపం ఎక్కడుంది?"

స్వామి తలెత్తలేదు. "ఏం చూసినావు?"

"మొన్న శుక్రవారం చూసినా. మన పేట పిల్లే. వచ్చిన అరవై మందిలో ఆమెవే ఎక్కువ మార్కులు. మూడుసార్లు కూర్చోమన్నాం. కూర్చోలేదు. గోడకు అతుక్కొని నిలబడింది. ఏమడిగినా నేలను చూసి జవాబు. రేపు రోగి పక్కన నిలబడాల్సిన పిల్లకు ఆ మాత్రం ధైర్యం లేకపోతే ఎట్లా? ధైర్యం చాలదు అని రాసినా."

"మిగతా ఇద్దరు?"

"వాళ్ళు తీసుకుందామనే అన్నారు. మీ ఊరి పిల్ల కదా, మీ మాటే కానీయండి అని నాకు వదిలేసినారు. ఎల్లుండి పొద్దున జాబితా అంటిస్తాం. నా సంతకం ఒక్కటే మిగిలుంది." సంచి మీద చెయ్యి వేశాడు.

నా చేతిలో సూది ఆగింది. మన పేట పిల్ల అన్నాడు గాని పేరు చెప్పలేదు. పేరు చెప్పకుండా మాట్లాడే మాటల్లోనే లోకంలో సగం అన్యాయం జరిగిపోతుంది. ఆ ఏడు మా ఊరినుంచి నర్సు చదువుకు పోతానన్న పిల్ల ఒక్కతే. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు, స్వామికీ తెలుసు.

అప్పుడే మెట్ల దగ్గర ఒక గొంతు వినిపించింది. "తాతా, ఉండావా?"

జయరాముడు చప్పున లేచాడు. సంచి తీసుకుని, కుట్టి తగిలించిన చొక్కాల వరుస వెనక్కు పోయి నిలబడ్డాడు. నలభై ఏళ్ళ మనిషి, పదిమంది సలాము చేసే మనిషి, ఎవరివో చొక్కాల చాటున ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. పోనీ అని నేను కళ్ళు దించుకోలేదు. చూశాను.

వచ్చింది సుంకులమ్మ. ఎల్లక్క పెద్దకూతురు. ఎల్లక్క హాస్టల్లో వంటమనిషి. జయరాముడు అక్కడ చదివిన ఏడేళ్ళూ బక్కపిల్లోడని అతని పళ్ళెంలో ఒక గరిటె పప్పు ఎక్కువ వేసిన చెయ్యి ఆమెది. పిల్ల చేతిలో పాత నీలం లంగా ఉంది. పదో తరగతిలో బడికని కుట్టించింది.

"దీన్ని మళ్ళీ మడిచి కుట్టు తాతా. చెల్లెలికి."

"విప్పి పది దినాలు కాలేదు కదమ్మీ. గీత కనపడకుండా పైన లేసు వేస్తానంటే, నర్సుకు లేసులేంది తాతా అని నగితివి."

"నర్సును గాదులే ఇంక. జానెడు మడువు. అది నా అంత పొడుగు లేదు. వచ్చే వారం బడి తెరుస్తారు."

"రాలేదని చెప్పినారా?"

"చెప్పేదేముంది."

"కూర్చో. కూర్చొని చెప్పు."

ఆమె కూర్చుంది. జయరాముడు అంతకుముందు కూర్చున్న బెంచీ మీదే, తల ఎత్తి, స్వామి కళ్ళలోకి చూస్తూ.

"ఆడ ముగ్గురు కూర్చున్నారు తాతా. నడుమ ఎవరనుకున్నావు? మన జయరామన్న. నాకు పానం లేచొచ్చింది. హెడ్మాస్టరు రూములో ఫోటో చూసి చూసి ఎరిగినదాన్నే కదా."

"పలకరించినావా?"

"ఎట్లా పలకరించేది? ఈయన ఊరి పిల్ల, కావలసినామె అని ఆ ఇద్దరూ అనుకోరా? ఆయనకు మాటొస్తది. ఆయన మొకం చూస్తే ఎరిగినట్టు కనపడతానేమోనని కిందికే చూసినా. కూర్చోమన్నారు. మా అమ్మ ముందే చెప్పి పంపింది. జయరాముడు కనపడితే నిలబడే మాట్లాడు, అంత పైకొచ్చినోడు, ఆయన ముందర సమానంగా కూర్చోవద్దని. మూడుసార్లు అన్నారు. మూడుసార్లూ కూర్చోలే."

చొక్కాల వరుస కదల్లేదు. స్వామి సుద్దముక్కతో ఎవరిదో చొక్కా చేతికి గీత గీస్తూనే అడిగాడు. "మర్యాదగానే ఉంటివి కదా. రాదని ఎందుకంటావు?"

"ఆ ఇద్దరూ నా మొకం చూసినారు తాతా. జయరామన్న మాత్రం నా కాళ్ళకాడ చూసె. లంగా గీత. చూసి, చూపు పక్కకు తిప్పుకొనె. పై ఊరోళ్ళకు ఆ గీత ఏందో తెలీదు, అంచు డిజైను అనుకుంటారు. మన ఊరోళ్ళకు తెలుసు." చిన్నగా నవ్వింది. "అప్పుడే అనుకున్నా, అయిపోయిందిలే అని."

"కోపం లేదా ఆయన మీద?"

"కోపమేంది. విడిచిపెట్టిన పాత బట్ట నలుగురిలో ఎదురుపడితే ఎవరికైనా సిగ్గే కదా. మా అమ్మకు మాత్రం చెప్పొద్దు తాతా. ఆడ జయరాముడు ఉన్నాడు, ఇంక భయం లేదని వీధంతా చెప్పుకుంటాంది."

లంగా బల్ల మీద పెట్టి లేచింది. మెట్టు మీద బూట్లు ఎండలో ఉన్నాయి. ఎవరివని అడగలేదు. తోలు ఎండిపోతుందని కాబోలు, వంగి వాటిని నీడలోకి జరిపి వెళ్ళిపోయింది.

జయరాముడు బయటికి వచ్చాడు. బెంచీ ఖాళీగానే ఉంది, కూర్చోలేదు.

"ఏం చూసినావు నాయనా?" అన్నాడు స్వామి.

"ఆ పిల్ల ఇంత మాట్లాడుతుందని నాకు తెలీదు స్వామీ."

"అది విన్నది. చూసింది ఏంది?"

స్వామి లంగాను బల్ల మీద పరిచి, అంచు మీది గీతను బొటనవేలితో రుద్దాడు. "కాలేజీకి పోయేటప్పుడు నీ ప్యాంటు విప్పింది నేనే. ఒకటి కాదు, రెండు మడతలు. రెండు గీతలు."

"మొదటి దినమే పక్కవాడు అడిగినాడు స్వామీ. కాలికి రైలు పట్టాలు వేయించుకున్నావా అని. క్లాసంతా నగింది. మూడేళ్ళు వెనక బెంచీలో, కాళ్ళు బల్ల కిందికి ముడుచుకుని కూర్చున్నా. ఉద్యోగం వచ్చిన దినం ఆ ప్యాంటు కాల్చినా."

"కాలిందా?"

స్వామి లంగాను తీసి గోడ మేకుకు తగిలించాడు. "మంగళవారం దాకా దీన్ని ముట్టను" అన్నాడు. నాలుగు గంటల బస్సుకు టైమయింది. జయరాముడు మెట్టు దిగాడు. విడిచిన చోట బూట్లు లేక కాసేపు వెతుక్కున్నాడు. నీడలో చూసి, వాటి మీద చెయ్యి పెట్టి, తొడుక్కోకుండా అట్లే వంగి ఉండిపోయాడు. నేను ఆశపడ్డాను. ఇన్నేళ్ళు ఇన్ని దెబ్బలు తిన్నవాణ్ణి, ఆ వంగిన వీపు చూసి ఆశపడ్డాను.

మంగళవారం జాబితా అంటించారు. ఎల్లక్క పొద్దుటి బస్సుకు తానే పోయింది. చదువు రాదు కనక అక్కడి వాచ్‌మన్ చేత మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివించుకుంది. సాయంత్రం తిరిగొచ్చి, హాస్టల్లో పొయ్యి ముట్టించింది. పిల్ల కూడా ఆ రోజునుంచే తల్లి పక్కన కూరలు తరగటానికి కూర్చుంది. వాళ్ళు అతన్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మా వీధికి నేర్పిన చదువు.

స్వామి మేకు మీది లంగా తీసి జానెడు మడిచాడు. నేను ఊరుకోలేకపోయాను. "ఆ మనిషిని ఇంక ఈ మెట్టు ఎక్కనీయవద్దు స్వామీ" అన్నాను.

ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ, "వాని ప్యాంటు కుట్టింది నేనే కదా" అన్నాడు.

నెల తిరిగాక జయరాముడు మళ్ళీ వచ్చాడు. కూర్చోమనే దాకా నిలబడే ఉన్నాడు. అడగకుండానే చెప్పుకున్నాడు. ఆ రోజు కలం ఆ పేరు దగ్గర ఆగిందట. రాసినదాన్ని కొట్టేస్తే ఎందుకు కొట్టేశావని ఆ ఇద్దరూ అడుగుతారు. బాగా ఎరిగిన ఇంటి పిల్ల అని చెప్పాలి. ఏ వీధి అంటారు. ఎవరి కూతురు అంటారు. ఒకదాని వెనక ఒకటి ఎక్కడిదాకా పోతుందో అనుకున్నాడట. వచ్చే ఏడు చూద్దామని సంతకం పెట్టాడట.

స్వామి అంతా విన్నాడు. "దారిలో ఏం చూసినావు?"

"హైస్కూలు వదిలినారు స్వామీ. నీలం లంగా వేసుకొని ఒక చిన్నపిల్ల ఎదురొచ్చింది. నన్ను చూసి రోడ్డు దిగి, పక్కన నిలబడింది."

"అంచు చూసినావా?"

"జానెడు మడత."

స్వామి మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపాడు. ఆయన పని ఆపడం నేను చూడటం అదే మొదలు.

"నాలుగేళ్ళకు నేనే విప్పుతాను. గీత ఉంటుంది. ఆ పిల్ల ఆ గీతతోనే ఆడికొచ్చి నిలబడుతుంది. ఆ దినం ఆ కుర్చీలో ఎవరుంటారు నాయనా?"