నూట ఎనభై సూర్యులు

ఆచార్య త్రిపురమ్మగారిని ఏదైనా అడిగితే ముందు అడిగినవాడి మొహం చూస్తారు. జవాబు తర్వాత, అదీ ఆవిడకు తోచినప్పుడు. గువ్వలకొండ వేధశాలలో ముప్పై ఏళ్లు మహా బరువైన నక్షత్రాలను పరిశీలించిన మనిషి. తొందర ఆవిడకు తెలియదు.

ఆవిడకు పేరు తెచ్చింది ఒకే ఒక్క నక్షత్రం. దాని బరువు నూట ఎనభై సూర్యులకు సమానమని లెక్కగట్టి, అంతటిది ఉండనే ఉండదన్న పెద్దల నోళ్లు మూయించారు. ఆ లెక్కకే ఇప్పుడు పెద్ద పురస్కారం వచ్చింది. రేపు సభ అనగా, శిష్యుడు ఓబులేశు కాగితాలు పట్టుకుని ఆవిడ గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, గురువు లెక్కలో తప్పు కనబడితే శిష్యుడు చెప్పాలా, ఊరుకోవాలా?"

మూడు వారాలుగా మింగలేక కక్కలేక ఉన్నాడు పాపం. కొత్త పరికరంతో ఆ నక్షత్రం వెలుగును విడదీసి చూస్తే, ఒక్క గీత ఉండవలసిన చోట కొన్ని రోజులు రెండు గీతలు కనబడుతున్నాయి. అంటే అక్కడున్నది ఒక నక్షత్రం కాదు, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్న జంట. చెబితే తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడంటారు. చెప్పకపోతే ఐదేళ్లుగా చేస్తున్న పరిశోధన అబద్ధమైపోతుంది.

ఆవిడ కూర్చుని ప్రతి అంకె చదివారు. చదివి, "ఆరో పేజీలో కూడిక మళ్లీ చూసుకో. రేపు సభకు రా," అన్నారు. అంతే.

మర్నాడు ఉదయం హాలు కిక్కిరిసింది. దండలూ పొగడ్తలూ అయ్యాక పురస్కార పత్రం ఆవిడ చేతికిచ్చారు. త్రిపురమ్మగారు దాన్ని తిరిగి బల్లమీదే పెట్టారు. "ఇది నా లెక్కకిచ్చారు. ఆ లెక్క ఇక లేదండీ," అని, వెనక నల్లబల్లమీద నిర్వాహకులు రంగు సుద్దలతో ముచ్చటగా రాయించిన నూట ఎనభైని తడిగుడ్డతో తుడిచేశారు. ఓబులేశును పిలిచి సుద్దముక్క చేతికిచ్చారు. అతను తల వంచుకునే నల్లబల్లవైపు తిరిగాడు.

"ఇన్నేళ్లుగా ఎవరూ కదపలేని లెక్క అది. దాన్ని పడగొట్టినవాడివి, నిటారుగా నిలబడి రాయి నాయనా."

రాశాడు. ఒకటి నూట నాలుగు సూర్యులు, రెండోది ఎనభై ఎనిమిది; కలిపితే పాత లెక్కకన్నా పన్నెండు ఎక్కువే. దండలు వేసినప్పుడు కూడా ఆవిడ మొహంలో అంత గర్వం లేదు. అబద్ధమెందుకు, అదే వేధశాలలో పనిచేస్తూ, ఆవేళ ముందు వరసలో కూర్చున్న నాకు కూడా ఛాతీ పొంగింది.

సభాధ్యక్షుడికి మాత్రం ముచ్చెమటలు పట్టాయి. "అయితే అమ్మా, మీ నక్షత్రం పోయినట్టేనా?" అన్నాడు.

త్రిపురమ్మగారు శిష్యుడి భుజంమీద పడ్డ సుద్దపొడి దులిపారు.

"పోవడమేమిటండీ? నిన్నటిదాకా ఒక్కటే. ఇవాళ రెండు."